తలకెన్ని బస్తాలు

మండపేటలో మా రైస్ మిల్లులో బియ్యం ఏరే సెక్షనుని ముప్పై ఒక్క ఏళ్ళు నేనే చూసుకున్నాను. పేరు అచ్చిబాబు. ఇప్పుడు చెప్పబోయేది నా గొప్ప కాదు, నాగదుర్గ గొప్ప. మధ్యలో నేను చేసిన ఒక వెధవ పని కూడా ఉంది. అది దాచిపెడితే కథ నడవదు కాబట్టి సిగ్గు విడిచి అదీ చెబుతాను.

మా సెక్షను గోడకి ఒక నల్లబోర్డు ఉంటుంది. అది పెట్టించింది నేనే. సాయంత్రం పని ఆగగానే ఆ రోజు ఎన్ని బస్తాలు ఏరామో, ఎంతమంది ఏరారో చూసి, బస్తాల్ని మనుషులతో భాగించి సుద్దముక్కతో రాసేవాణ్ణి. తలకెన్ని బస్తాలు అన్నమాట. కేరళ నుంచి బేరానికి వచ్చినా, బ్యాంకు వాళ్ళు వచ్చినా కాఫీ అయినా ఇవ్వకుండా ముందు బోర్డు దగ్గరకే లాక్కెళ్ళేవాణ్ణి. పెళ్ళిచూపుల్లో పిల్లని చూపించినంత హడావుడి చేసేవారని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

తొంభై ఎనిమిదిలో నాగదుర్గ పనిలో చేరేటప్పటికి ఏరడమంటే చేత్తోనే. ముప్పై ఆరుమంది ఆడవాళ్ళు వరుసగా కూర్చుని, చేటల్లో బియ్యం పోసుకుని నల్లగింజలు, పసుపుగింజలు, మట్టిబెడ్డలు ఏరేవాళ్ళు. అందరూ కలిసి రోజుకి నలభై బస్తాలు చేస్తే నేను సంతోషం పట్టలేక టీలు తెప్పించేవాణ్ణి. బోర్డు మీద తలకి ఒక బస్తా, పైన కాస్త చిల్లర. నాగదుర్గకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఏడో తరగతితో బడి మానేసింది. చెయ్యి మాత్రం, తస్సాదియ్యా, చేట ఒక్కసారి కుదిపి పక్కకి వంచితే చెడ్డగింజలన్నీ అంచుకొచ్చి కూర్చునేవి. పక్కవాళ్ళు ఒక చేట ఏరేసరికి తను రెండు ఏరేసి, వాళ్ళ చేటలో చెయ్యి పెట్టేది.

రెండువేల ఆరులో మొదటి సార్టర్ మిషను వచ్చింది. పైనుంచి బియ్యం జారుతుంటే లోపల కెమెరాలు ఒక్కో గింజనీ చూస్తాయి. చెడ్డగింజ కనపడగానే సన్నటి గాలి దెబ్బ కొట్టి దాన్ని పక్క గొట్టంలోకి తోసేస్తుంది కంప్యూటరు. ఇక ముగ్గురు మనుషులు చాలన్నారు. మిగతా ముప్పై ముగ్గురికీ రేపట్నుంచి రావద్దని చెప్పింది నేనే. పాపాయమ్మ అని ఒక పెద్దావిడ నన్ను గేటు దగ్గర నిలబెట్టి మా తాతల్ని కూడా వదలకుండా తిట్టింది. తలవంచుకుని తిట్టించుకున్నాను. తర్వాత రొయ్యల షెడ్డులో చేరిందని విన్నాను. ఇప్పటికీ బజార్లో ఆవిడ ఎదురొస్తే నేనే రోడ్డు దాటి అవతలకి పోతాను.

మిషను బిగించిన రోజు కోయంబత్తూరు నుంచి వచ్చిన ఇంజనీరు దాని గొప్పలన్నీ గంటసేపు చెప్పి, ఎవరికైనా డౌట్లున్నాయా అన్నాడు. అర్థమైనట్టు మేమంతా బుర్రలూపాం. వెనక నుంచి నాగదుర్గ, “సార్, మంచిగింజ ఏదో చెడ్డగింజ ఏదో దీనికెవరు చెబుతారండీ?” అంది.

ఇంజనీరు ఆమెని ఎగాదిగా చూశాడు. “ఎవరో ఒకరు చెప్పాలమ్మా. నువ్వు చెబుతావా?”

“ఆయ్, చెబుతానండి,” అంది.

ఆ ఒక్క ప్రశ్నతోనే ఆ ముగ్గురిలో ఒకతె అయింది. మొదటి మూడు నెలలూ మిషను మమ్మల్ని ఏడిపించింది. మంచి బియ్యం బయటికి తోసేది, నల్లగింజలు లోపలికి వదిలేది. నాగదుర్గ దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుని, బయటికొచ్చిన గింజలు అరచేతిలో పోసుకుని చూస్తూ, ఒక్కో నంబరూ ఒక్కో మెట్టు పెంచుతూ తగ్గిస్తూ దాన్ని దారికి తెచ్చింది. నాలుగో నెలలో రోజుకి రెండొందల నలభై బస్తాలు. ముగ్గురితో భాగిస్తే తలకి ఎనభై! ఒకటి రాసిన బోర్డు మీద ఎనభై రాసి, సరిగ్గానే భాగించానా అని మళ్ళీ లెక్క చూసుకున్నాను. అయితే ఆ ఘనతంతా మిషనుదే అనుకున్నాను, నా మొహం.

రెండువేల పద్నాలుగులో ఇంకా పెద్ద మిషను తెచ్చారు. మళ్ళీ అదే తంతు. కొన్నాళ్ళు పని వెనక్కి నడిచింది, నాగదుర్గ దాని గుట్టు పట్టింది, ఆ తర్వాత అంకె ఒక్క గెంతు గెంతింది. రోజుకి ఆరొందల నలభై బస్తాలు, ఇద్దరు మనుషులు, తలకి మూడొందల ఇరవై. ఆ అంకె పదేళ్ళు బోర్డు మీద నిలిచింది. ఏ ఊరి వరికి ఏ నంబర్లు పెట్టాలో, వేసవి పంట దాళ్వా బియ్యానికి ఎంత, వానాకాలం సార్వాకి ఎంత, వానలో తడిసిన ధాన్యం అయితే ఎంత, అన్నీ ఒక రెండొందల పేజీల నోటుబుక్కులో రాసుకుంది. అట్ట చిరిగితే క్యాలెండరు కాగితం అంటించింది.

ఈ ఏడాది మే నెలలో ఆ మిషనులో అగ్గిపెట్టంత కార్డు ఒకటి కాలిపోయింది. కంపెనీకి ఫోను చేస్తే, ఆ మోడలు కార్డులు తయారు చెయ్యడం మానేశామన్నాడు అవతలి కుర్రాడు.

“మిగతాదంతా దివ్యంగా ఉందండీ బాబూ,” అన్నాను.

“ఉంటుంది సార్. కానీ దాని టైమ్ అయిపోయింది.”

పదకొండేళ్ళకే టైమ్ అయిపోవడం ఏంటి? మా వీధిలో పిండిమర మా నాన్న పెళ్ళినాటిది, ఇంకా తిరుగుతోంది. ఫోనులో ఆ కుర్రాణ్ణి నానా మాటలూ అన్నాను. వాడు ఓపిగ్గా విని, కొత్త మోడలు వివరాలు వాట్సాప్‌లో పంపించాడు. పాత మిషనుని పాత ఇనుము వాళ్ళు ముక్కలు చేసి ఆటోలో వేసుకుపోతుంటే నాగదుర్గ దగ్గరుండి సాగనంపింది.

మా ఓనరు గణేష్‌బాబుకి ముప్పై నాలుగేళ్ళు. తండ్రి చేతిలోంచి మిల్లు తీసుకుని నాలుగేళ్ళయింది. చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు బస్తాల మీద ఎక్కి దూకుతుంటే పట్టుకున్నవాణ్ణి నేను, అందుకే నన్ను బాబాయ్ అంటాడు. కొత్త మిషను గంటకి ఎనిమిది టన్నులు లాగుతుంది, పాతదానికి రెట్టింపు. దానితోపాటు, నాగదుర్గతో పాటు చేసి ఈమధ్యే మానేసిన సంపూర్ణమ్మ స్థానంలో హారతి అని ఒక పిల్లని కూడా తీసుకున్నాడు. రామచంద్రపురం అమ్మాయి, ఇరవై రెండేళ్ళు, డిప్లొమా చదివింది. మిషను బిగించిన సాయంత్రం నన్ను పక్కకి పిలిచాడు.

“బాబాయ్, ఈ సెక్షనుకి ఇప్పుడున్నంతమంది అక్కర్లేదు. కంపెనీ వాళ్ళు ఒక్క ఆపరేటరు చాలంటున్నారు. దసరా దాకా ఇద్దర్నీ చూద్దాం. ఎవరు బాగా నడిపితే వాళ్ళని ఉంచుదాం.”

“నాగదుర్గ ఇరవై ఏడేళ్ళ నుంచి ఉంది గణేషూ.”

“ఉంది బాబాయ్. స్క్రీనంతా ఇంగ్లీషులో ఉంది కూడా.”

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నాగదుర్గ మొగుడు మా మిల్లు హమాలీయే. బస్తా కింద పడి నడుం పోయి ఎనిమిదేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆమె చెయ్యి ఆడాలి. నలభై ఆరేళ్ళ మనిషిని ఇప్పుడు ఎవరు పనిలో పెట్టుకుంటారు? మర్నాడు ఈ మాట ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. గణేష్‌బాబే ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పేశాడు. ఆమె “అలాగేనండి” అని లేచి పనిలోకి వెళ్ళిపోయింది.

ఇక నేను హారతిని శత్రువుని చూసినట్టు చూడ్డం మొదలుపెట్టాను. గుడ్ మార్నింగ్ అంకుల్ అంటే ఊఁ అని ఊరుకునేవాణ్ణి. పాపం ఆ పిల్ల తప్పేముంది, అయినా నా బుద్ధి అంతే.

కొత్త మిషను మొదటి నెల ఎంత చేసిందనుకున్నారు? ఐదొందల అరవై బస్తాలు. పాతదే ఆరొందల నలభై చేసేది కదా! అంత ఖరీదు పెట్టి రెట్టింపు మిషను తెస్తే పని తగ్గింది. తలకి రెండొందల ఎనభై రాయాలంటే నాకు తల కొట్టేసినట్టయింది. సుద్దముక్కలు అయిపోయాయని చెప్పి రెండు వారాలు బోర్డు ముట్టుకోలేదు. గణేష్‌బాబు రోజూ వచ్చి, మిషను వంక, ఇద్దరి వంక చూసి వెళ్ళిపోయేవాడు.

నాగదుర్గ నోటుబుక్కు తెరిచి చూసింది. అందులో నంబర్లు ఈ మిషనుకి దేనికీ పనికిరావు. ఇది కొలిచే పద్ధతే వేరు. పదకొండేళ్ళు రాసుకున్న పుస్తకం పూటలో చిత్తుకాగితం అయిపోయింది. ఇక ఈ మనిషి కూలబడిపోతుంది, నేను వెళ్ళి ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలి అనుకుని మాటలు కూడా వెతుక్కున్నాను. ఆమె మర్నాడు ఇంటి దగ్గర్నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి మిషను ముందు మూత తీసింది. దాని నిండా ఖాళీ మాత్రల సీసాలు. ఒక్కో దాంట్లో గుప్పెడు గింజలు. ముక్కు నల్లబడినవి, ఉడకబెట్టడంలో మాడినవి, పురుగు కొట్టినవి, కడుపులో తెల్లమచ్చ ఉన్నవి. చేట పట్టినప్పటి నుంచీ ప్రతి పంటకీ దాచిపెట్టిందట.

“ఎందుకాంటీ ఇవన్నీ దాచారు?” అంది హారతి.

“పంట పంటకీ రోగం మారుతుందమ్మలూ. నోటితో చెబితే ఎవరికీ తెలీదు, చూపించాలి. ఈ మిషను బొమ్మలు చూసి నేర్చుకుంటుందన్నావు కదా?”

“అవునాంటీ, లెర్నింగ్ మోడ్ ఉంది. కానీ కంపెనీ వాళ్ళిచ్చిన శాంపిల్స్ అన్నీ పచ్చిబియ్యానివి.”

“మనం కేరళకి పంపేది ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడకబెట్టి ఆడిస్తాం కాబట్టి అది పుట్టడమే పసుపు. దీనికి పచ్చిబియ్యం చూపిస్తే ఉప్పుడు బియ్యాన్ని చెడ్డగింజ అనుకోదా ఏంటి? తిట్టి ఏం లాభం, దానికి తెలిస్తేగా! ఆ బటన్ ఎక్కడుందో నొక్కు, నేను పోస్తాను.”

హారతి ఒక్క క్షణం ఆ సీసాల వంక చూసి, “ఆంటీ, మీరు మామూలోళ్ళు కాదు,” అంది. ఆ పిల్ల మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది అప్పుడే.

అలా మొదలుపెట్టారు. ఒకరు సీసాలో గింజలు పోస్తారు, ఒకరు తెరమీద బొమ్మ చూసి పేరు పెడతారు. ఒకరి ఉద్యోగం ఒకరు పీక్కోవాల్సిన వాళ్ళు ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్ళు. హారతి ఆమెకి తెరమీద ఇంగ్లీషు ముక్కలు నేర్పింది. నాగదుర్గ ఆ పిల్లకి గింజని గోటితో నొక్కి తడి చెప్పడం నేర్పింది. నేను ఒకరోజు ఆగలేక, “నీకు బుద్ధుందా అమ్మాయ్? అన్నీ ఆ పిల్లకి చెప్పేస్తే నీకేం మిగులుతుంది?” అని నాగదుర్గని కసిరాను.

“చెప్పకపోతే మిషను నడవదు కదండీ,” అంది, అంతే.

ఆగస్టులో ఏడొందలు దాటింది. సెప్టెంబరు మధ్యకి తొమ్మిదొందలు. దసరా వారంలో రోజుకి పదకొండొందల ఇరవై! ఇద్దరితో భాగిస్తే తలకి ఐదొందల అరవై. నేను సుద్దముక్కల కొత్త పెట్టె తెరిచి పెద్ద అంకెలతో రాసి, దాని కింద రెండు గీతలు కూడా కొట్టాను. చేటతో మొదలుపెట్టిన మనిషి ఇంత దూరం వచ్చిందా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా చూస్తారని ఊక దుమ్ము పడిందని కళ్ళు నులుముకున్నాను.

ఇక నా వెధవ పని. ఆయుధపూజ నాడు మిల్లు ఆపి ప్రతి మిషనుకీ నేనే బొట్టు పెడతాను. ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి ఆ పని ఇంకెవరికీ వదల్లేదు. సార్టర్ తలుపు మాత్రం తెరవొద్దని హారతి ముందే చెప్పింది, తాళంచెవి తన సొరుగులో పెట్టుకుంది. బయట రేకు మీద పెట్టుకోండి అంకుల్ అంది. రేకుకి బొట్టు పెడితే ఏం పుణ్యం? పని చేసేవి కళ్ళు కదా! అందరూ ప్రసాదాల దగ్గర ఉన్నప్పుడు సొరుగులోంచి తాళం తీసి, తలుపు తెరిచి, కెమెరాల ముందున్న పొడుగాటి అద్దాలకి పసుపు, గంధం రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నాగదుర్గ ఉద్యోగం నిలబెట్టు తల్లీ అని దణ్ణం పెట్టుకున్నాను. మంచి మనసుతోనే చేశాను, దేవుడి తోడు. తర్వాత ఎందుకైనా మంచిదని నా కండువాతోనే శుభ్రంగా తుడిచి, తాళం ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

మర్నాడు పొద్దున మిషను వేస్తే మంచి బియ్యమంతా చెడ్డ గొట్టంలోంచి పడుతోంది. గేటు దగ్గర కేరళ లారీ నిలబడి ఉంది. సాయంత్రానికి సరుకు ఎక్కకపోతే ఆ బేరం పాలకొల్లు మిల్లుకి పోతుంది. కంపెనీకి ఫోను చేస్తే సాఫ్ట్‌వేర్ అయి ఉంటుంది, మనిషి రావడానికి నాలుగు రోజులన్నారు. హారతి తెరమీద వేళ్ళు ఆడిస్తూనే ఉంది, చెమటలు కారిపోతున్నాయి. గణేష్‌బాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాగదుర్గ తెర వంక చూడనేలేదు. చెడ్డ గొట్టం కింద చెయ్యి పట్టి, గుప్పెడు బియ్యం తీసుకుని వెలుతురులోకి వెళ్ళింది. తిరిగొచ్చి, “బియ్యంలో ఏం లేదండి. దీనికే పసుపుగా కనపడుతోంది. హారతీ, తలుపు తియ్యి,” అంది.

తలుపు తీశారు. ఆమె తెల్లటి మెత్తని గుడ్డ తడిపి, గట్టిగా పిండి, అద్దం ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క తుడుపు తుడిచింది. గుడ్డ మీద లేత పసుపు రంగు మరక పడింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆ తర్వాత తల ఎత్తి తిన్నగా నా వంక చూసింది. ఒక్క క్షణమే.

మళ్ళీ తల దించుకుని అద్దాలన్నీ తుడిచింది. హారతి లెక్కలు సరిచేసింది. పది నిమిషాల్లో మిషను మామూలుగా నడిచింది. హమాలీలు బస్తాలు కుట్టడం మొదలుపెట్టారు.

గణేష్‌బాబు గుడ్డ తీసుకుని చూశాడు. “పసుపు! ఈ తలుపు తాళం నీ దగ్గరే కదా హారతీ?”

“నా దగ్గరేనండి, కానీ నేను...”

“చదువుకున్నావు, కెమెరాకి పసుపు పూస్తావా? ఇంక ఆలోచించేదేముంది? నాగదుర్గా, నువ్వు ఉండు. హారతీ, రేపట్నుంచి రానక్కర్లేదమ్మా.”

నేను నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా మనసులో ఒక మూల సంతోషం కలిగింది. నేను నోరు మూసుకుంటే చాలు. నాగదుర్గ నోరు మూసుకుంటే చాలు. ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆమె కూడా అదే అనుకుంటుందని, అనుకోవడమే న్యాయమని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను.

“ఆ పిల్ల చెయ్యలేదు బాబూ,” అంది నాగదుర్గ.

“నీకెలా తెలుసు?”

“తను తుడిస్తే ఇలా పొర మిగలదండి. తుడవడం నేనే నేర్పాను.”

“అయితే ఎవరు చేశారు?”

ఆమె గుడ్డ మడత పెడుతూ నిలబడింది. నా వైపు చూడలేదు. “చెయ్యనిదాన్ని పంపించి నన్ను ఉంచుతానంటే నేను ఉండలేనండి. అంతవరకే నాకు తెలుసు,” అంది.

ఇరవై ఏడేళ్ళు నేను ఆమెకి పెద్దదిక్కునని మురిసిపోయాను. నేను మింగేసిన నిజాన్ని, ఆమె తన కొంప మీదకి తెచ్చుకుని మరీ సగం చెప్పింది. మిగతా సగం నాకు వదిలేసింది. ఇంకా నిలబడి చూస్తుంటే నేను మనిషినేనా?

“నేనే చేశాను గణేషూ,” అన్నాను. “తాళం దొంగతనంగా తీశాను. బొట్టు పెట్టాను. కండువాతో తుడిచి పాడు చేశాను.”

గణేష్‌బాబు నోరు తెరిచాడు. “బాబాయ్! మీరా?”

“నేనే. ఇంకో మాట. ఈ సెక్షనుకి ఉన్నంతమంది అక్కర్లేదన్నావు. ఎంతమందిమి ఉన్నాం? లెక్కపెట్టు.”

“ఇద్దరు.”

“ముగ్గురం. నేనొకణ్ణి ఉన్నానుగా.”

“మిమ్మల్ని ఎవరు లెక్కేశారు బాబాయ్?”

“ఎవరూ వెయ్యలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా బస్తాల్ని అందరి తలలతోనూ భాగించాను, నా తల ఒక్కటీ వదిలేశాను. బోర్డు మీద రాసిన అంకెలన్నీ తప్పే. ఇప్పుడు నువ్వు సరైన లెక్క వెయ్యి. ఒకరు గింజ చూస్తారు, ఒకరు తెర చూస్తారు. నేనేం చేస్తాను? సుద్దముక్క పట్టుకుంటాను. ఎవరు ఎక్కువో నీకే తెలుస్తుంది.”

నాగదుర్గకి కోపం వచ్చింది. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. “మీరు జాలిపడి వదిలేసిన ఉద్యోగం నాకేం అక్కర్లేదండి!” అంది.

“జాలా? నీ మీద జాలిపడేంత మొనగాణ్ణా నేను? లెక్క చెబుతున్నానమ్మాయ్. ఇష్టం లేకపోతే తప్పెక్కడుందో చూపించు.”

బయట లారీవాడు హారను కొడుతున్నాడు. గణేష్‌బాబు గేటు వైపు తిరిగి, “ముందు సరుకు ఎక్కించండి,” అన్నాడు. సాయంత్రం లారీ కదిలాక మా ముగ్గుర్నీ పిలిచి, సెక్షను మొత్తం నాగదుర్గ చూసుకుంటుందని, హారతి ఆమె కింద ఉంటుందని చెప్పాడు. నన్ను సోమవారం దాకా ఉండమన్నాడు. అక్కర్లేదని ఆ రోజే తాళాలన్నీ ఆమె చేతిలో పెట్టేశాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూనే తీసుకుంది.

నాకు నెలనెలా పింఛనేమీ రాదు, అర ఎకరం కొబ్బరితోట ఉంది, గడిచిపోతుంది. అది కాదు కష్టం. పొద్దున్న ఏడయ్యేసరికి కాళ్ళు వాటంతటవే మిల్లువైపు లాగేవి. వీధి చివరిదాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినవాడిలా వెనక్కి వచ్చేవాణ్ణి. మా ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకునేది. పది రోజులైనా మిల్లు నుంచి ఒక్క ఫోను లేదు. నేను లేకపోతే ఒక్క చిక్కు కూడా రాలేదా, ఒక్క మాట అడగాల్సిన అవసరం కూడా పడలేదా అని లోపల ఉడికిపోయాను.

పదకొండో రోజు సాయంత్రం ఫోను మోగింది.

“అచ్చిబాబు గారండీ, నాగదుర్గనండి.”

“ఏంటమ్మాయ్? మిషను ఆగిందా?” అన్నాను. దాచడం ఎందుకు, ఆగిందని చెబితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

“లేదండి. ఇవాళ పన్నెండొందల ఎనభై బస్తాలు అయిందండి. మిషను పూర్తిగా ఎంత లాగుతుందని కంపెనీ వాళ్ళు చెప్పారో అంత.”

తలకి ఆరొందల నలభై. నోట్లోనే భాగించేశాను. ఈసారి వదిలేసిన తల ఏదీ లేదు. సంతోషం బయటపడనీయకుండా విసుక్కున్నాను.

“నేను లేకపోయినా ఆగలేదని చెప్పడానికి చేశావా ఫోను?”

“ఆగకూడదనే కదండీ మీరు వెళ్ళింది,” అంది. వెనక మిల్లు చప్పుడు వినపడుతోంది. “రేపు సెలవు పెట్టలేనండి, ఆదివారం వచ్చి కనపడతాను. ఉంటానండి,” అని పెట్టేసింది.

నేను ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఈసారి తుడుచుకోలేదు. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, “ఏంటండీ, ఎవరు ఫోను?” అని కంగారుగా అడిగింది.

“మా సూపర్వైజర్ గారు,” అన్నాను.